ఆ వేడి ఎండదేనా?

తమ్ముడు కొంటానంటున్న పాత చేపల బోటుని పూడిమడకలో చూసొచ్చాం, దాని ఇంజిను నన్ను పడుకోనివ్వడం లేదు. బోటు సంగతి సరే. ఇంజిను మూత మీద చెయ్యేస్తే వెచ్చగా తగిలింది. బోటు అమ్ముతున్న పెద్దాయన తాడు లాగితే ఒక్క లాగుకే అందుకుంది. తమ్ముడి మొహం చూడాలి! నాకు మాత్రం అక్కడే తేడా కొట్టింది. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైన దగ్గర్నుంచి బోటు ఇసకలోనే ఉందన్నారు కదా, మరి ఇంజినుకి వేడెక్కడిది? చల్లగా ఉన్నది ఎన్ని లాగులకి అందుకుంటుందో కదా చూడాల్సింది. మేం రాకముందే నీళ్ళ డ్రమ్ములో పెట్టి ఓసారి తిప్పేసుంటారు.

అడిగితే, "మే నెలమ్మా, ఇసకే కాల్తంది" అన్నాడు పెద్దాయన. మధ్యవర్తి ఊరుకోవచ్చు కదా! "ఆడోళ్ళకి ఇంజినుల సంగతేటి తెలుస్తాది" అని నవ్వాడు. వాడికి ఇటు కమీషను, అటు కమీషను. తమ్ముడు నవ్వనైతే నవ్వలేదు గానీ, నా మాట పూర్తయ్యేలోపే 5 వేలు బయానా తీసి చేతిలో పెట్టేశాడు.

నాకు తెలీదట. నాన్న వేట నుంచి రాగానే అన్నంకంటే ముందు ఇంజినుకి మంచినీళ్ళు పట్టేవాడు. ఉప్పు లోపల గడ్డ కడితే నీటి దారి మూసుకుపోతుందని. మా వీధి కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. "పిల్లల తలకి ఉప్పునీళ్ళు, దానికేమో మంచినీళ్ళా?" అని అమ్మ వీధంతా వినపడేలా అరిచేది. ఆయన పలక్కుండా డ్రమ్ము నింపి, ఇంజిను దింపి తిప్పేవాడు. పక్క కన్నంలోంచి వచ్చే ధార కింద నా చెయ్యి పెట్టించేవాడు. జోరుగా కొడితే లోపల నీళ్ళు తోడే రబ్బరు రెక్కలు బాగున్నట్టు. నీరసంగా కారితే ఇంజిను వేడెక్కి పట్టేస్తుంది. తమ్ముడికి అప్పుడు ఆ డ్రమ్ములో దూకడమొక్కటే తెలుసు.

ఇంత రాశాక అనిపిస్తోంది, ఇవాళ ఆ ధార బాగానే కొట్టింది. చెయ్యి పెట్టి చూశాను కూడా. ఎండలో నా స్కూటర్ సీటే పెనంలా ఉంది, ఇంజిను మూతనేం అంటాం. బోటు వెనక ఇంజిను బిగించే చోట ఫైబరు లోపల చెక్క నానిపోతుంది కొన్నిటికి. రాయితో కొట్టి చూస్తే మెత్తగా మోగలేదు, టక్కుమంది. 2 లక్షల 25 వేలకి అన్యాయమేం కాదేమో.

కానీ నీళ్ళలో తిరిగే పంకా దగ్గర గేరు ఆయిలు ఎవరూ విప్పి చూపించలేదు. తెల్లగా విరిగుంటే సీళ్ళలోంచి సముద్రపు నీళ్ళు లోపలికి పోయినట్టే. ఇక కాగితాలు ఇంకా పాత యజమాని పేరునే ఉన్నాయి. మత్స్యశాఖ ఆఫీసులో పేరు మారకపోతే వచ్చే ఏడు వేట నిషేధానికి ప్రభుత్వం ఇచ్చే 20 వేలకి ఎవరి చుట్టూ తిరగాలి?

వాళ్ళకి చెప్పకుండా తెల్లారగట్ల మెకానిక్‌తో వెళ్ళమని తమ్ముడికి మెసేజ్ పెట్టాను. "నీకు అనుమానాలెక్కువప్పా" అని జవాబు. అమ్మతో చెప్పిద్దామంటే, ఆవిడకి ఫోటోలో బోటు రంగు నచ్చేసిందట.