కీల్ నుంచి లాబో దాకా: యూ-995 లోపల

జర్మనీలోని కీల్ రైల్వే స్టేషన్ దాటి నాలుగడుగులు వేస్తే నీళ్ళే. బాల్టిక్ సముద్రం నేలలోకి సన్నగా చొచ్చుకొచ్చిన పాయ ఒడ్డున ఉంది ఊరు. యూ-995 అనే పాత జర్మన్ జలాంతర్గామి ఉన్న లాబోకి బస్సుంది, త్వరగానే చేరుస్తుంది. అయినా జలాంతర్గాముల కోసం వచ్చినవాళ్ళు ఫెర్రీయే ఎక్కాలి. గంట ప్రయాణం. కదిలిన కాసేపటికే కుడిచేతి వైపు షిప్‌యార్డులు మొదలవుతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో యూ-బోట్లు (జర్మన్ జలాంతర్గాములు) కట్టిన గెర్మానియావెర్ఫ్ట్ ఈ ఒడ్డునే ఉండేది. మన నౌకాదళానికి 1986లో అందిన ఐఎన్ఎస్ శిశుమార్ జలాంతర్గామి కూడా కీల్‌లో తయారైందే.

లాబో రేవులో దిగి ఒడ్డు వెంట ఉత్తరంగా నడిచాను. నౌకాదళ స్మారక స్తంభం చాలా దూరం నుంచే కనిపిస్తుంది. 72 మీటర్ల ఎత్తు, ఎర్రటి ఇటుక, పైకి పోయేకొద్దీ ఒంపు. 1927లో పునాది పడి 1936లో పూర్తయింది. ఇప్పుడది అన్ని దేశాల నావికుల స్మారకం. దాని ఎదురుగా, రోడ్డవతల, ఇసుక మీద కాంక్రీటు దిమ్మెలపై యూ-995 ఉంది. స్తంభానికీ పడవకూ టిక్కెట్లు వేరు. సమయం తక్కువుంటే పడవకే వెళ్ళండి.

లోపలికి పోయే ముందు చుట్టూ ఒకసారి తిరగాలి. 67 మీటర్ల పొడవు. విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర చూసినవాళ్ళకు ఇది చిన్నదిగా అనిపిస్తుంది, ఎందుకంటే కురుసుర 91 మీటర్లు. మనుషులు బతికిన పీడన గొట్టం ఇంకా చిన్నది, వ్యాసం 4.7 మీటర్లే. పక్కల ఉబ్బెత్తుగా కనిపించేవి నీళ్ళు నింపుకునే ట్యాంకులు. పైన నడిచే డెక్ ఒట్టి తొడుగు, దాని పక్కల వరుసగా ఉన్న కంతల్లోంచి నీళ్ళు వచ్చిపోతాయి. ముక్కు భాగం ఓడలా పదునుగా ఉంది. నీటి కింద సాఫీగా జారాలనుకుంటే ముక్కును గుండ్రంగా చేసేవాళ్ళు. ఈ ఆకారం అలలను చీల్చుకుపోవడానికి. యూ-995 టైప్ 7 రకం పడవ, దాని అసలు సంగతి ఇక్కడే బయటపడుతుంది. ఇది నీటిపైన తిరిగే ఓడ, అవసరం పడితే కొన్ని గంటలు మునగగలదు, అంతే. లోపల ప్రతి గదిలోనూ ఈ మాటకు రుజువులున్నాయి.

సందర్శకుల కోసం పక్కన తలుపులు కోశారు. వెనక నుంచి ఎక్కి ముందు నుంచి దిగాలి. మొదటిది ఎలక్ట్రిక్ మోటార్ల గది, వెనక టార్పెడో గొట్టం ఒకటి ఇక్కడే ఉంది. దాని తర్వాత డీజిల్ గది. ఆరేసి సిలిండర్ల ఇంజన్లు రెండు, మధ్యలో ఒక మనిషి మాత్రమే పట్టే నడవ. రెండూ కలిసి సుమారు 3,000 హార్స్ పవర్ ఇస్తాయి. ఎలక్ట్రిక్ మోటార్లు రెండూ కలిసి 750. ఈ తేడాయే పడవ తలరాత. పైన 17 నాట్స్ (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు), కింద మహా అయితే ఏడున్నర, అదీ గంట సేపు తిప్పేసరికి బ్యాటరీ అయిపోతుంది. పొదుపుగా 4 నాట్స్‌తో పోతే 80 నాటికల్ మైళ్ళు, అంటే 20 గంటలు. నెమ్మదిగా నడిచే సరుకు ఓడల గుంపు (కాన్వాయ్) కూడా 7 నాట్స్ నడుస్తుంది. మునిగిన యూ-బోట్ దాన్ని వెంబడించలేదు. నీటిపైన ఉంటే మాత్రం, కాన్వాయ్‌కి కాపలా కాసే ఫ్లవర్ తరగతి కార్వెట్ (చిన్న యుద్ధనౌక) కన్నా ఇదే ఒక నాట్ ఎక్కువ పోతుంది. 1940లో జర్మన్ కెప్టెన్లు రాత్రిపూట నీటిపైనే ఉండి, ఓడల వరుసల మధ్యకు చొరబడి టార్పెడోలు వేసింది ఇందుకే. బ్రిటిష్ వాళ్ళ ఆస్డిక్ ధ్వని తరంగాలు పంపి నీటి కిందున్న దాన్ని వెతికే యంత్రం. నీటిపైన తేలే సన్నటి పడవ దానికి సరిగా దొరకదు.

ఒక్కో షాఫ్టు మీద డీజిల్, క్లచ్, మోటారు, మళ్ళీ క్లచ్, ఆ తర్వాత ప్రొపెల్లర్ వరుసగా ఉంటాయి. పైన తిరిగేటప్పుడు డీజిలే మోటారును జనరేటర్‌లా తిప్పి బ్యాటరీ నింపుతుంది. విమానం కనబడి అలారం మోగిందంటే ఈ వరుస మొత్తం క్షణాల్లో మారాలి. బ్రిడ్జి మీద కాపలా ఉన్నవాళ్ళు నిచ్చెన మీంచి జారి కిందికి దూకుతారు, ఆఖరివాడు హాచ్ బిగిస్తాడు. డీజిళ్ళు ఆపాలి, గాలి లోపలికి తెచ్చే వాల్వు, పొగ బయటికి పంపే వాల్వు మూయాలి, డీజిల్ క్లచ్ విడదీయాలి, మోటార్లు పూర్తి వేగానికి తేవాలి. కంట్రోల్ రూమ్‌లో ట్యాంకుల పైమూతలు తెరుస్తారు, గాలి బుస్సుమని పోతుంది, నీళ్ళు ఎక్కుతాయి. పని లేనివాళ్ళంతా ముక్కు వైపు పరుగెత్తాలి, బరువు ముందుకు పడితే పడవ తొందరగా దిగుతుంది. ఆరితేరిన సిబ్బందికి సుమారు 30 సెకన్లు పట్టేది.

వరుస తప్పితే ఏమవుతుందో ఈ గదిలో నిలబడితే బాగా అర్థమవుతుంది. ఇంజన్ ఆగకముందే గాలి వాల్వు మూస్తే, అది పడవలోని గాలినే పీల్చేస్తుంది, చెవులు దిబ్బళ్ళు పడతాయి. వాల్వు మూయడం ఆలస్యమైతే సముద్రం లోపలికి వస్తుంది. క్లచ్ విడదీయకపోతే మోటారు తన శక్తినంతా డీజిల్‌ను తిప్పడానికే పోగొట్టుకుంటుంది. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో వచ్చే విమానం ఆ 30 సెకన్లలో రెండున్నర కిలోమీటర్లు దాటేస్తుంది. యుద్ధం మొదట్లో బ్రిటిష్ విమానాల డెప్త్ చార్జీలను (నీటిలో మునిగి, ముందే పెట్టిన లోతులో పేలే బాంబులను) 100 అడుగుల లోతులో పేలేలా పెట్టేవాళ్ళు, అప్పటికి పడవ అంత లోతుకు చేరేదే కాదు. లెక్కలు వేసే శాస్త్రవేత్తలు ఇది పట్టుకుని చివరికి 25 అడుగులకు మార్పించారు. బాంబు అదే, విమానం అదే. లోతు మార్చినందుకే పడవలు ఎక్కువగా మునిగాయి. ఈ యుద్ధంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించే మార్పు ఇదే.

డీజిల్ గది దాటితే వంటగది, విద్యుత్ పొయ్యి ఒక్కటే. దాని తర్వాతి బంకుల కింద, నేలలో, వెనక బ్యాటరీ. ముందు బ్యాటరీ ఆఫీసర్ల బంకుల కింద ఉంటుంది. ఒక్కోదానిలో 62 సెల్స్, మొత్తం 124. లెడ్ యాసిడ్ సెల్స్ కాబట్టి ఛార్జింగ్ వేళ హైడ్రోజన్ వస్తుంది, ఫ్యాన్లతో బయటికి తోలకపోతే ఒక్క నిప్పురవ్వ చాలు. డిస్టిల్డ్ వాటర్ పోయడానికి మనిషి ఆ ఇరుకులోకి పడుకునే దూరాలి. దగ్గరలో డెప్త్ చార్జీ పేలితే సెల్స్ పగులుతాయి. పగిలినవాటిని వెతికి, తీగలతో దాటవేసి మిగతావాటిని కలపాలి, అదీ చీకట్లో, యాసిడ్ ఆవిర్ల మధ్య. అన్నిటికన్నా భయం ఉప్పునీరు. బ్యాటరీ మీద పడితే క్లోరిన్ పుడుతుంది. ఇదే జాతికి చెందిన యూ-1206లో 1945 ఏప్రిల్ 14న స్కాట్లండ్ తీరాన జరిగింది ఇదే. లోతులో వాడే మరుగుదొడ్డి వాల్వులు తిప్పే వరుస తప్పింది, సముద్రపు నీరు పీడనంతో లోపలికి చిమ్మి కిందున్న బ్యాటరీకి చేరింది. పైకి తేలక తప్పలేదు, తేలగానే విమానం కంట పడింది. చివరికి సిబ్బందే పడవను ముంచేసుకున్నారు. యూ-995లో ఆ మరుగుదొడ్డి ముందు ఆగి వాల్వులు చూడండి. 50 మందికి అటూ ఇటూ ఉన్న పడవలో ఇలాంటివి రెండే, వేటకు బయల్దేరేటప్పుడు రెండోదాన్ని తిండి సామానుతో నింపేసేవాళ్ళు.

కంట్రోల్ రూమ్‌కి గుండ్రటి కంతలోంచి పోవాలి. ముందు కాళ్ళు పెట్టి పైకమ్మీ పట్టుకుని జారితే సులువు, తల ముందు పెడితే దెబ్బ తగలడం ఖాయం. లోపల ఒక గోడ నిండా వాల్వుల చక్రాలు, ఎదురుగా లోతు చూపే మీటర్లు, లోతు చుక్కానులు తిప్పేవాళ్ళ స్థానాలు. గోడ ఉక్కు మందం 21 మిల్లీమీటర్లు. పాత టైప్ 7సీలో పద్దెనిమిదిన్నర ఉండేది. ఇంకాస్త లోతుకు దిగి తప్పించుకోవచ్చని మందం పెంచారు. డెప్త్ చార్జీ సెకనుకు దాదాపు 3 మీటర్ల చొప్పున మునుగుతుంది, 100 మీటర్లకు అర నిమిషం పైనే. పైగా ఓడ దగ్గరికొచ్చే ఆఖరి క్షణాల్లో ఆస్డిక్‌కు పడవ జాడ తప్పిపోతుంది. ఆ వ్యవధిలో పక్కకు తిరిగితే బతికిపోవచ్చు. హెడ్జ్‌హాగ్ అనే ఆయుధం వచ్చాక ఆ సందు మూసుకుపోయింది. జాడ తెలుస్తూ ఉండగానే 24 బాంబులను ఓడ ముందుకు విసురుతుంది, తగిలితేనే పేలతాయి. తగలకపోతే చప్పుడు లేదు కాబట్టి ఆస్డిక్ వినికిడి చెడదు.

దాన్ని ఆనుకుని కెప్టెన్ మూల. గది కాదది, ఒక తెర వెనక మంచం. ఎదురుగా రేడియో, హైడ్రోఫోన్ (నీటి లోపలి చప్పుళ్ళు వినే పరికరం) అరలు. కెప్టెన్ నిద్రలోంచి లేస్తే రెండడుగుల్లో వినేవాడి దగ్గరికీ, కంట్రోల్ రూమ్‌కీ చేరాలని ఈ ఏర్పాటు. గుంపు వేట మొత్తం ఈ రేడియో మీదే నడిచింది. కాన్వాయ్ చూసిన పడవ కబురు పంపాలి, వదలకుండా వెంబడించాలి, మిగతావి వచ్చి కూడాలి. 1942 ఫిబ్రవరిలో జర్మన్ల సంకేత యంత్రం ఎనిగ్మాలో నాలుగు చక్రాలది వచ్చాక బ్రిటిష్ వాళ్ళకు పది నెలలు ఆ కబుర్లు అర్థం కాలేదు. అదే ఏడాది అక్టోబర్ 30న మునిగిపోతున్న యూ-559లోకి దిగి ఫాసన్, గ్రేజియర్ అనే ఇద్దరు బ్రిటిష్ నావికులు సంకేత పుస్తకాలు పైకి అందించారు, పడవతో పాటే మునిగిపోయారు. డిసెంబర్‌కల్లా తాళం తెరుచుకుంది. కబురు అర్థం కాకపోయినా దిక్కు తెలిస్తే చాలు, ఓడల మీది రేడియో దిక్సూచి యంత్రం ఆ పని చేసేది. మాట్లాడిన పడవ దొరికిపోయేది.

చివర ముక్కు గది. నాలుగు టార్పెడో గొట్టాల మూతలు, పైన పట్టాలు, చెయిన్ పుల్లీలు. పడవ మొత్తం మీద 14 టార్పెడోలు పడతాయి. ఒక్కోటి ఏడు మీటర్ల పైన, బరువు టన్నున్నర. అదనపు టార్పెడోలు నేల కిందా, బంకుల పక్కనా ఉండేవి, అవి కాల్చేదాకా కూర్చోవడానికి చోటుండదు. విద్యుత్ టార్పెడోకి బుడగల జాడ ఉండదు, కానీ దాని బ్యాటరీ తడవ తడవకూ ఛార్జి చేయాలి, అందుకని గొట్టంలోంచి వెనక్కి లాగి మళ్ళీ ఎక్కించాలి. ఒకటి వదిలిన వెంటనే ముక్కు తేలికైపోతుంది, ఆ బరువుకు సరిపడా నీళ్ళు అప్పటికప్పుడు ఎక్కించకపోతే పడవ ముక్కు శత్రువు ముందు నీటి పైకి లేస్తుంది. 1940 ఏప్రిల్‌లో నార్వే దగ్గర గురి తప్పని టార్పెడోలే పేలక పోయాయి. ఒక కారణం బయటపడటానికి చాలాకాలం పట్టింది. ఎక్కువసేపు మునిగి ఉంటే పడవలో గాలి పీడనం పెరుగుతుంది, అది టార్పెడో లోతును సరిచూసే అరలోకి కారి లెక్క చెడగొట్టేది. టార్పెడో అనుకున్నదానికన్నా లోతుగా పోయి ఓడ అడుగునుంచి దాటిపోయేది.

యూ-995 హాంబుర్గ్‌లోని బ్లోమ్ ఉండ్ ఫోస్ యార్డులో తయారై 1943 సెప్టెంబర్ 16న నౌకాదళంలో చేరింది. ఆ తేదీ బరువైనది. అదే ఏడాది మేలో 41 యూ-బోట్లు పోయాయి, నష్టం తట్టుకోలేక యూ-బోట్ల అధిపతి డోనిట్స్ మే 24న ఉత్తర అట్లాంటిక్ నుంచి వాటిని వెనక్కి పిలిచాడు. దూరం ఎగిరే లిబరేటర్ విమానాలు, 10 సెంటీమీటర్ల రాడార్, రేడియో దిక్సూచి ఒక్కసారిగా కూడి, నీటిపైన తిరగడాన్నే అసాధ్యం చేశాయి. నీటిపైన తిరగలేని టైప్ 7కి మిగిలేది 4 నాట్స్. అంటే ఈ పడవ పుట్టేనాటికే దాని యుద్ధం అయిపోయింది. నార్వే నుంచి ఆర్కిటిక్ కాన్వాయ్‌ల మీదికి పంపారు. 1944 అక్టోబర్‌లో కెప్టెన్ అయిన హాన్స్-గేయోర్గ్ హెస్ వయసు 21. 1945 మార్చి 20న రష్యా రేవు మూర్మాన్స్క్ దారిలో, కోలా ముఖద్వారం దగ్గర, జేడబ్ల్యూ-65 కాన్వాయ్‌లోని హొరేస్ బుష్నెల్ ఓడను ఈ పడవ కొట్టింది. అక్కడ నది నీరూ ఉప్పునీరూ పొరలు పొరలుగా ఉండి ఆస్డిక్ కిరణాన్ని వంచేస్తాయి. కదలకుండా కాపు కాసే పడవకు ఇంతకన్నా అనువైన చోటు లేదు, వెంబడించలేని పడవ చేయగలిగిందీ అదే. యుద్ధం ముగిశాక నార్వే దీన్ని కౌరా పేరుతో నడిపి, జర్మనీకి తిరిగిచ్చింది.

తిరుగు ఫెర్రీలో మోల్టెనోర్ట్ దగ్గర దిగాను. యూ-బోట్ల స్మారకం రేవుకు నడక దూరమే. స్తంభం మీద గద్ద, కింద గోడ నిండా కంచు పలకలు, పడవ వారీగా పేర్లు. మొదటి యుద్ధంవి దాదాపు 4,700, రెండోదానివి 30,000 పైనే. యూ-బోట్లలో పనిచేసిన ప్రతి నలుగురిలో ముగ్గురు వెనక్కి రాలేదు. వాళ్ళు ముంచిన ఓడల్లో బొగ్గు ఎత్తినవాళ్ళు, వంట చేసినవాళ్ళలో సిల్హెట్, చిట్టగాంగ్, గోవా, గుజరాత్ ప్రాంతాల లాస్కర్లు (బ్రిటిష్ ఓడల్లో పనిచేసిన మన నావికులు) వేలమంది. చనిపోయిన ఆరు వేల మందికి పైగా భారతీయ నావికులకు ముంబైలో, చిట్టగాంగ్‌లో స్మారకాలున్నాయి. లాబో చూడటానికి వెళ్ళే మనవాళ్ళు ముంబైది కూడా చూడాలి, ఆ లెక్క రెండు చోట్లా చూస్తేనే పూర్తవుతుంది.

ఒక రోజు అదనంగా ఉంటే కీల్ నుంచి రైల్లో బ్రేమర్‌హాఫెన్ వెళ్ళండి. అక్కడి రేవులో విల్హెల్మ్ బౌవర్ అనే పడవ ఉంది, అసలు పేరు యూ-2540, టైప్ 21. యూ-995 తప్పుల్ని సరిదిద్దిన పడవ ఇది. 124కు బదులు 372 సెల్స్, గుండ్రటి ఒంపులున్న శరీరం, డెక్ మీద పెద్ద తుపాకీ లేదు, నీటి కింద 17 నాట్స్. నూటికి పైగా కట్టినా వేటకు బయల్దేరినవి రెండే, అప్పటికి 1945 వసంతం. అయితే లాబో ముందు, బ్రేమర్‌హాఫెన్ తర్వాత చూడండి. యూ-995 బ్యాటరీ చూడకుండా వెళ్తే ఆ 372 ఎందుకో తెలియదు.