టిక్కులున్న పిలకాయలకు పరీక్ష పెట్టేటప్పుడు

కావలి నుంచో కందుకూరు నుంచో అమెరికా వచ్చి, న్యూరోసైకాలజీ (మెదడు పనితీరును పరీక్షలతో కొలిచే) క్లినిక్‌లో పరీక్షలు పెట్టే పనిలో చేరేవాళ్లకు ఒక మాట. టిక్కు అంటే అనుకోకుండానే పదేపదే వచ్చే కదలికో శబ్దమో. ఆ రెండు రకాలూ ఉండే జబ్బు టూరెట్. దాన్ని తేల్చే పరీక్ష మన పెట్టెలో లేదు. కనీసం రెండు కదలిక టిక్కులు, ఒక శబ్దపు టిక్కు 18 ఏళ్లలోపు మొదలై ఏడాది దాటితే, చూసి, మాట్లాడి డాక్టరే తేలుస్తారు. మన పని, వచ్చిన మార్కులో టిక్కు వాటా ఎంతో విడదీయడం.

ముందు టిక్కుల తీవ్రత కొలిచే యేల్ స్కేలు. గడిచిన వారంలో ఎన్ని రకాలు, ఎన్నిసార్లు, ఎంత జోరు, ఎంత చిక్కు, పనికి ఎంత అడ్డం అని ఐదు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5. కదలికలకు 25, శబ్దాలకు 25. మనవాళ్ల దగ్గర లెక్క తప్పేది ఇక్కడే. ‘టిక్స్ ఉన్నాయా’ అంటే లేవంటారు. కళ్లు టపటపా కొడతాడా, ముక్కు ఎగబీలుస్తాడా, ఊరికే గొంతు సవరిస్తాడా అని అడగండి. “అదా! అది అలవాటమ్మా, వాళ్ల నాయనకీ ఉండేది” అంటారు. వంశంలో ఉందన్న సంగతీ ఆ మాటలోనే దొరుకుతుంది.

వెక్స్లర్ తెలివితేటల పరీక్షలో, గుర్తులు చూసి గబగబా రాసే కోడింగ్ భాగానికి 120 సెకన్లు. మెడ విదిలించిన ప్రతిసారీ కన్ను వరస తప్పుతుంది, మళ్లీ వెతుక్కోవాలి. గడియారం ఆపకూడదు, మార్కు దిద్దకూడదు. ఎన్నిసార్లు ఆగాడో పక్కన గీతలు పెట్టుకుని రిపోర్టులో రాయాలి. విని తిరిగి చెప్పాల్సిన అంకెల వరస రెండోసారి చదవకూడదు గనక, గొంతు టిక్కు సద్దుమణిగాకే మొదలుపెట్టాలి.

బిగబట్టుకుని కూర్చునేవాడితో ఇంకా చిక్కు. టిక్కు కనబడదు, ధ్యాసంతా దాన్ని అణచడానికే పోతుంది. మనమేమో ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవని సమస్య, అని రాసేస్తాం. (నిజంగానే రెండూ ఉండేవాళ్లు బోలెడుమంది, అందుకే ఇంత జాగ్రత్త.) ‘ఇక్కడ ఆపుకోనక్కర్లేదు’ అని మొదట్లో ఒక్కసారే చెప్పండి. పదేపదే ఊసెత్తితే ఎక్కువవుతాయి. నెల్లూరు నుంచి చూడవచ్చిన అవ్వ పక్కన కూర్చుని “ఆపు రా అబ్బయ్యా” అంటుంటే, మర్యాదగా బయట కూర్చోబెట్టండి.

టిక్కులకిచ్చే క్లోనిడిన్ మందు వాడేవాళ్లకు మగతతో వేగం తగ్గొచ్చు. మాత్ర ఏ పూట వేశారో రాసుకోండి. మానిపించి తెమ్మని మాత్రం చెప్పొద్దు, ఉన్నట్టుండి ఆపితే బీపీ ఎగదన్నుతుంది.

బడికి రాసేటప్పుడు అదనపు సమయం ఒక్కటే అడిగితే చాలదు, విడిగా గది కూడా అడగండి. అదే క్లాసులో అందరి మధ్యా కూర్చోబెడితే, ఆ ఎక్కువ సమయమంతా బిగబట్టుకునే ఉంటాడు.