బోరు నీళ్ళకి ఏ సోలార్ హీటర్?

మా ఇంట్లో ఐదుగురం, 200 లీటర్లది పెట్టించినం. హైదరాబాద్ బోరు నీళ్ళ సంగతి తెలుసుగా, బకెట్ అంచుకే తెల్లగా పొర కడ్తది, అదే పొర ఫ్లాట్ ప్లేట్ (పలక లాంటి) హీటర్‌లో ఉండే సన్నటి రాగి గొట్టాల్లో పేరుకుంటే నీళ్ళు తిరగవు, అందుకే అది వద్దని గాజు ట్యూబులది తీసుకున్నం. అంత పొర కట్టని మంజీరా నల్లా నీళ్ళు వచ్చే ఇంటికైతే ఫ్లాట్ ప్లేటే గట్టిది అంటాను. ముఖం మాత్రం దక్షిణానికే ఉండాలి, నీడ పడొద్దు.

మొన్న సంక్రాంతి ముందు నీళ్ళు గోరువెచ్చగానే వస్తుంటే మేడెక్కి చూశా, ట్యూబుల మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము! ఎండ రాకముందే తడిగుడ్డతో తుడిచిన, వేడి గాజు మీద చల్లనీళ్ళు పడితే పగుల్తది కదా. ట్యాంకు డ్రెయిన్ విప్పితే సున్నం కలిపినట్టు తెల్లటి నీళ్ళు. తను అరుగుతూ ట్యాంకుని తుప్పు నుంచి కాపాడే మెగ్నీషియం రాడ్ పెన్సిల్ అంత సన్నబడింది, మార్పించా.

తెల్లారి అమ్మ స్నానానికి చల్లనీళ్ళు కలుపుకుంది, ఎన్నాళ్ళకో.