సోమశిల ఒడ్డున ఒక దూది ఉండ

కొల్లాపూర్ నుంచి సోమశిలకు ఆటో చార్జీ, ఒడ్డున డేరా అద్దె... ఈ రెండింటి మీద కోపం ఇంకా తగ్గలేదు. వాటిని మించింది కట్టెల మోపు. 200 తీసుకుని, మంచుకు తడిసిన కట్టెలు చేతిలో పెట్టారు.

అయినా ధీమాగానే ఉన్నాను. నిప్పు రాజేయడానికి నల్లగొండలో ఇంటి దగ్గరే సరంజామా చేసుకున్నాను మరి. కోడిగుడ్ల అట్ట గుంటల్లో రంపపు పొట్టు నింపి, కరిగించిన మైనం పోశాను. మైనాన్ని నేరుగా పొయ్యి మీద పెడితే దానికే మంట అంటుకోవచ్చు. అందుకే వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాను. అమ్మ దీపం వత్తుల కోసం దాచుకున్న పత్తిలో కొంత అడిగి తీసుకుని, వాసెలిన్ బాగా పట్టించి, ఉండలు చేసి డబ్బాలో పెట్టాను.

తీరా చూస్తే అట్ట ముక్కల సంచి బస్సులోనే ఉండిపోయింది. కర్పూరం పొట్లం విప్పి ఉండటంతో సగానికి సగం హరించుకుపోయింది. మిగిలింది దూది ఉండలే.

నల్లమల అడవి లోపల నిప్పు పెట్టకూడదు, పెట్టను కూడా. అందుకే నీళ్ల పక్కన, ఎండుగడ్డి లేని రాళ్ల నేల చూసుకుని కూర్చున్నాను. కృష్ణ మీది నుంచి ఒకటే గాలి. ఆరు అగ్గిపుల్లలు గీశాను. ఉండ నల్లబడింది తప్ప అంటుకోలేదు. చలి, ఆకలి, పైగా టెన్షన్.

పడవ కట్టేసి వస్తున్న పెద్దాయన ఆగాడు. "గట్ల ముద్దలెక్క వెడితే ఎట్ల అంటుకుంటది బిడ్డా? జర విప్పు. గాలాడాలె."

ఉండను రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగాడు. జిడ్డు అంటని తెల్లటి పోగులు లోపలి నుంచి సాలెగూడులా విచ్చుకున్నాయి. గాలికి అడ్డంగా కూర్చుని పుల్ల గీశాడు. ఆ పోగులు భగ్గున అంటుకున్నాయి. తర్వాత వాసెలిన్ నూనెలా, దూది వత్తిలా నిలకడగా కాలింది. ఈలోపు ఆయన ఒక కట్టెను నిలువునా చీల్చి, లోపలి పొడి చెక్కను సన్నని పేళ్లుగా గీకి మంట మీద పేర్చాడు.

"మా నాయిన చెకుముకి రాయి కొట్టేటోడు. గప్పుడు బూరుగు దూదే" అన్నాడు.

పడుకునే ముందు నిప్పు మీద బిందెడు నీళ్లు పోసి, బూడిద చల్లబడిందో లేదో చేత్తో తడిమి చూశాను. ఆయన పొద్దున పొయ్యికని రెండు ఉండలు అడిగితే డబ్బా మొత్తం ఇచ్చేశాను.