‘విశేషం ఏమైనా ఉందా?’ అని అడగని ప్రశ్నపత్రం

నాకు పీసీఓడీ, అండాశయాల సమస్య. పిల్లల కోసం చేయించుకున్న రెండేళ్ల వైద్యంలో ఫైలు లావెక్కింది. ఏఎంహెచ్ (గుడ్ల నిల్వ ఏపాటిదో చెప్పే రక్తపరీక్ష) ఎంత, గుడ్డు ఉండే తిత్తి ఎన్ని మిల్లీమీటర్లు పెరిగింది, గర్భాశయం పొర మందమెంత, అన్నీ ఉన్నాయి. రాత్రి నిద్ర పట్టిందా లేదా అన్నది మాత్రం ఏ కాగితంలోనూ లేదు. అలాంటి సంగతులు కొలిచే ప్రశ్నపత్రం ఒకటి కోనసీమ ఆడవాళ్లకు సరిపడేలా తెలుగులో రాస్తుంటే, పేషెంట్ల తరఫున నేనూ కూర్చున్నాను.

ఈ పనికి, అంటే పిల్లలు కలగనివాళ్ల జీవన నాణ్యత కొలవడానికి, పేరున్న కొలత ఫెర్టీక్వాల్. 2011లో వెలువడింది. మొత్తం 36 ప్రశ్నలు: మనసు, ఒళ్లు, భార్యాభర్తల మధ్య సంగతి, నలుగురిలో మెలగడం, వీటికి ఆరేసి చొప్పున 24, వైద్యం గురించి 10, మొత్తమ్మీద ఎలా ఉన్నారని 2. ఒక్కో జవాబుకి 0 నుంచి 4 మార్కులు. విభాగం మొత్తాన్ని 25తో హెచ్చించి ప్రశ్నల సంఖ్యతో భాగిస్తే నూటికి ఎంతో వస్తుంది. ఎక్కువ వస్తే మేలు. ‘దిగులుగా ఉంటోందా’ లాంటి ప్రశ్నలకు మార్కులు తిరగేయాలి, ‘ఎప్పుడూ’ అంటే 0. ఇది మరిచిపోతే బాగా కుంగిపోయిన మనిషి హాయిగా ఉన్నట్టు లెక్క తేలుతుంది.

ఉన్నదాన్ని తెలుగు చేస్తే సరిపోదా? మాటలు మారతాయి గానీ బతుకు మారదు. ‘జీవన నాణ్యత’ అంటే ఒకావిడ ‘బియ్యానికి కదండీ నాణ్యత’ అంది. ‘ఈమధ్య మీ రోజులు ఎలా గడుస్తున్నాయి’ అని మార్చాం. ‘నిద్ర పట్టడం లేదా?’ అన్నది ఇంకో గోతి. ఒకరి ‘లేదు’ అంటే పట్టడం లేదని, ఇంకొకరి ‘లేదు’ అంటే ఆ బాధే లేదని. లేదుతో ప్రశ్న ముగించకూడదు.

ఎక్కువసేపు తగువు పడింది శ్రీమంతం ప్రశ్న దగ్గర. ‘శ్రీమంతాలకి, బారసాలలకి వెళ్లడం మానేశారా?’ అని రాసుకున్నాం. ఒకామె పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయింది. మానేయడానికి అసలు పిలిస్తే కదా. ఆమె ‘ఎప్పుడూ మానలేదు’ అని గీస్తే 4 మార్కులు పడేవి, అంతకంటే అబద్ధం ఉండదు. దాన్ని రెండు ముక్కలు చేశాం. ముందు పిలిచారా అని, పిలిస్తేనే వెళ్లారా అని. ఖాళీ వదిలిన జవాబుకి సున్నా వేయకూడదు, భాగహారంలోంచి ఆ ప్రశ్ననే తీసేయాలి.

ఇలాంటివి పట్టుబడాలంటే పైకి చదివించి, ‘దీంట్లో మిమ్మల్ని ఏమడిగారు?’ అనాలి. ‘అర్థమైందా?’ అంటే అందరూ తలూపుతారు. పక్కన అత్తగారు ఉండకూడదు. నాకు మొదటిసారి ఒక ఆస్పత్రిలో ఇలాంటి కాగితం ఇచ్చినప్పుడు అత్తయ్యగారే చదివి వినిపించారు. అన్నిటికీ ‘బాగుంది’ అనే గీశాను.

వైద్యం విభాగంలో మేం కలిపినవి కొన్ని: తెల్లారకుండా బస్సెక్కి స్కానుకి కాకినాడ వెళ్లి రావడం, ఆ రోజు పోయిన కూలి, కరెంటు పోతే ఫ్రిజ్‌లోని ఇంజెక్షన్లు, ప్రొజెస్టెరాన్ సూది గుచ్చినచోట కట్టే గడ్డ. మగవాళ్లకి వేరే కాగితం. పన్నెండు నెలలు కలిసి ఉన్నా గర్భం రాకపోతే సంతానలేమి అంటారు కదా, కువైట్ నుంచి ఏడాదికో నెల వచ్చే భర్తకి ఆ లెక్క ఎలా కట్టాలి? అందుకని కలిసి ఉన్న నెలలు ఎన్నని విడిగా అడిగాం.

తరవాతదంతా లెక్కల పని. ప్రశ్నకి ఐదు నుంచి పదిమంది చొప్పున, 24 ప్రశ్నలకు 120 నుంచి 240 మంది కావాలి. ఒక విభాగంలో ప్రశ్నలన్నీ ఒకే మాట మాట్లాడుతున్నాయా అని చూసే ఆల్ఫా అనే అంకె 0.7 దాటాలి. మరీ 0.95 దాటిందంటే ఒకే ప్రశ్నని రెండుసార్లు అడిగినట్టే.

మనసు విభాగంలో నాకు మొదట 9 వచ్చింది, అంటే నూటికి 37.5. ఆరు కిలోలు తగ్గి, నెలసరి దారిలో పడి, ఆరు నెలలు మందులాపాక 15, అంటే 62.5. ఇంకా నీళ్లోసుకోలేదు, ఏఎంహెచ్ కూడా దాదాపు అంతే.

కొలత నిలకడగా ఉందో లేదో చూడాలంటే అదే మనిషి చేత రెండు వారాలకు మళ్లీ నింపించాలి. ఐయూఐ (వీర్యాన్ని గర్భాశయంలోకి ఎక్కించడం) అయ్యాక ఎదురుచూసే రెండు వారాలు దీనికి పనికిరావు, ఆశతో ఉన్న రోజు ఒకలా, నెలసరి వచ్చిన పొద్దున ఇంకోలా గీస్తాం. మా కాగితంలో పేరు రాసే చోటు లేదు గానీ, పైన కుడిపక్క ‘ఇవాళ నెలసరి ఎన్నో రోజు’ అన్న గడి ఉంది.