తాతా మనవరాలూ, ఉండవల్లి గుహలూ

మా నాన్నకి ఏదైనా చూపించి చెబితే గానీ తృప్తి ఉండదు. మొన్న ఆదివారం మా అమ్మాయిని ఉండవల్లి గుహలకి బయల్దేరదీశారు. వెంట నేనూ వెళ్లాను. ప్రకాశం బ్యారేజీ దాటుతుంటే, 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగిందనీ, 1957లో ఈ బ్యారేజీ వచ్చిందనీ చెప్పారు.

గుహల పై అంతస్తులో, కొండనే తొలిచి చెక్కిన అనంతపద్మనాభస్వామి పడుకుని ఉన్నాడు. మా అమ్మాయి పాదాల నుంచి తలదాకా నడిచి చూసి, "తాతయ్యా, ఉలి జారితే ఏం చేసేవాళ్లు?" అంది.

"తెలీదమ్మా, కనుక్కుందాం" అన్నారు నాన్న.

జీవితమంతా పిల్లలకి లెక్కలు చెప్పిన మాస్టారు మనవరాలి ముందు అంత తేలిగ్గా ఆ మాట అనడం నాకెంతో నచ్చింది. నేనైతే ఏదో ఒకటి చెప్పేసేదాన్ని. వచ్చే వారం విజయవాడ బందర్ రోడ్డులో ఉన్న పురావస్తు ప్రదర్శనశాల, బాపు మ్యూజియంకి వెళ్లి అడుగుతారట ఇద్దరూ.