గోరింటాకు పండింది

ట్యూబుల్ని గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్ ఆగింది. ట్యూబ్ తీసి లైటుకి ఎత్తి చూస్తే అడుగున బఠాణీ గింజంత ఎరుపు. ల్యాబ్‌లో మేం పెంచుతున్న ఎర్ర రక్తకణాలు. మొన్నటిదాకా పాలిపోయి ఉన్న కణాలే. గోరింటాకు పండినట్టు పండాయి!

ఫొటో అమ్మకి పంపాను. "ఇంతేనా? దీనికోసమా ఆదివారాలు కూడా ల్యాబ్‌కి పోయావు?" అంది.

ఇంతే అమ్మా. కాకపోతే వీటిలో ఎఫ్‌యూటీ1 జన్యువుని (కణం మీద 'హెచ్' అనే గుర్తుని తయారుచేసేది) క్రిస్పర్‌తో, అంటే డీఎన్‌ఏని దిద్దే పద్ధతితో, పనిచేయకుండా చేశాం. అంటే బాంబే గ్రూపు కణాలన్నమాట. 1952లో బొంబాయిలో బయటపడిన అరుదైన రక్తపు గ్రూపు. ఆ గ్రూపు వాళ్లకి ఓ నెగటివ్ కూడా ఎక్కించకూడదు, దాని మీదా ఆ 'హెచ్' గుర్తు ఉంటుంది కాబట్టి. అర్ధరాత్రి వాట్సాప్‌లో "అర్జెంట్, బాంబే బ్లడ్ కావాలి" అని తిరిగే మెసేజ్‌లు వాళ్ల కోసమే.

తమాషా ఏంటంటే, ఎర్రకణం ఎదిగే దారిలో తన కేంద్రకాన్ని తనే బయటికి గెంటేస్తుంది. నెలల తరబడి నేను దిద్దిన డీఎన్‌ఏ కూడా దాంతోపాటే పాయె! ఇవాళ మైక్రోస్కోపులో ఒకటి సరిగ్గా ఆ పనిలో దొరికింది. ఊదారంగు చుక్క సగం లోపల, సగం బయట. టీ చల్లారిపోయేదాకా చూస్తూ కూర్చున్నా. పక్కనున్నవి మాత్రం చుక్కని వదలనే వదలవు, మొండిఘటాలు.

ఒక యూనిట్ రక్తంలో సుమారు 2 లక్షల కోట్ల ఎర్రకణాలు. నా దగ్గర బఠాణీ గింజంత.

బ్రిస్టల్‌లో వాన. రేపు పొద్దున్నే కణాలకి మీడియా (అవి పెరిగే పోషక ద్రవం) మార్చాలి.